ఎర్రబండి ఓనరు

ఆదోని,
8 సెప్టెంబర్ 2025

శ్రీదేవి అక్కకు,

నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద రాయాల్సి వచ్చింది. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడవు రాయడం ఇదే. క్షేమమా అని అడగను. అడిగితే నటన అంటావు.

విషయం బండి. మన ఎర్రబండికి నవంబర్ ముప్పయ్యో తేదీతో పదిహేనేళ్ళు నిండుతాయి. ఆలోపల ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోకపోతే దాన్ని రోడ్డెక్కనివ్వరు. అందుకు ఓనరు సంతకం కావాలి, ఓనరు ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఓనరువి నువ్వు. నువ్వు పుట్టిన ఏడాదే పత్తి మండీ నిలదొక్కుకుందని నాయన ఏం కొన్నా నీ పేరు మీదే కొనేవాడు. స్కూటరు నీ పేరు, ఫ్రిజ్జు నీ పేరు, ఆఖరికి మండీలో కాటా కూడా నీ పేరే. నాయన పోయినాక ఆ ఆచారం తప్పకూడదని కారు కూడా నీ పేరు మీదే కొన్నాను. అదే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

జయరాజ్ మెకానిక్ ఇంజను విప్పి చూశాడు. "అన్నా, దీనికి ఇంకో పదేండ్లు ఏం గాదు, గుర్రం మాదిరి ఉండాది" అన్నాడు. రెండు లీటర్ల టర్బో ఇంజను, ఆరు గేర్లు. ఇలాంటి బండి ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

కాగితాలు ఇందులోనే ఉన్నాయి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నా మీద ఎంత కోపమున్నా బండి ఏం చేసింది? అత్త మీద కోపం దుత్త మీద చూపొద్దు. నీ మరదలు శివలీల నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇంకా నీ తమ్ముడినే,
ప్రదీప్


కడప,
15 సెప్టెంబర్ 2025

శ్రీ ప్రదీప్‌కుమార్ గారికి, పత్తి మండీ, ఆదోని.

మీ కాగితాలు అందాయి. సంతకాలు పెట్టడం లేదు. పెన్సిల్ గుర్తులు శ్రమపడి పెట్టారు, ధన్యవాదాలు.

నా పేరు మీద ఉంది కాబట్టి నా అభిప్రాయం చెప్పే హక్కు నాకుంది. ఆ బండిని తుక్కుకు ఇచ్చేయండి. దానికి కావాలంటే రెండు చేతులా సంతకం పెడతాను. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరి సంబరం కోసం వెనక ముగ్గురిని చంపే బండి అది. వెనక కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. తాడిపత్రి రోడ్డులో ఒకసారి గుంతలో దించితే మా అత్త రాజ్యలక్ష్మమ్మ గారి తల పైకప్పుకు కొట్టుకుని రెండు దినాలు నుదుటికి పసుపు పట్టు వేసుకుంది. ఏసీ మీ ఇద్దరికే తగులుతుంది, మాకు ఇంజను వేడి. లీటరు పెట్రోలుకు ఏడు కిలోమీటర్లు. డిక్కీలో ఒక బియ్యం మూట పట్టదు.

నా బండిలో ఏడుగురు కూర్చుంటారు. మూడో వరుసకు కూడా చల్లగాలి వస్తుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. మా అమ్మాయి నాగజ్యోతి వెనక కూర్చుని ఇంటర్ పాఠాలు చదువుకుంటూ కాలేజీకి పోతుంది, కళ్ళు తిరగడం లేదు. మీ బండిలో ఆ పిల్ల పుస్తకం కాదు, కళ్ళు కూడా తెరిచేది కాదు.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

రామసుబ్బయ్య గారి భార్య,
శ్రీదేవి


ఆదోని,
24 సెప్టెంబర్ 2025

అక్కా,

గారూ గీరూ అని రాస్తే నాకు కాలుతుందని తెలిసే రాశావు. కాలింది. సంతోషమా?

ఇంట్లో శివలీలతో కూర్చుని నీ కోపం ఎక్కడ పుట్టిందో లెక్క వేశాం. జూన్‌లో మంత్రాలయంలో నీ కొత్త బండికి పూజ చేయించినప్పుడు నేను పుట్టింటి చీర తేలేదు. ఆడబిడ్డ ఇల్లు కొన్నా బండి కొన్నా అన్నదమ్ములు చీర పెట్టాలి, నిజమే. నేను మండీ నుంచి నేరుగా బయలుదేరాను, తట్టలేదు. దానికి మూడు నెలలు ఫోను మూసేస్తారా? ఇదిగో, చీర పార్శిల్‌లో పెట్టి పంపుతున్నాను. చిలకాకుపచ్చ, ఎర్రంచు. శివలీల నాలుగు అంగళ్ళు తిరిగి తెచ్చింది. దీంతో ఆ లెక్క సరి.

ఇక నీ బండి గొప్పలు. ఏడుగురు కూర్చుంటారన్నావు. కూర్చుంటారు, నిజమే. కానీ ఏడుగురు ఎక్కినాక అది కదలాలి కదా. ఆలూరు రోడ్డులో లారీని దాటాలంటే ముందు వినాయకుడికి మొక్కుకోవాలి, తర్వాత ఏసీ ఆపాలి, తర్వాత వెనకవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. నా బండికి కాలు ఆనిస్తే చాలు, లారీ అద్దంలో కనిపిస్తుంది. ప్రమాదం తప్పించేది ఎయిర్‌బ్యాగు కాదు, బండిలో బలం. గుద్దుకున్నాక సంచీ ఊదుకుంటే ఎంత, ఊదుకోకపోతే ఎంత?

కాగితాలు మళ్ళీ పెట్టాను. అరవై ఏడు దినాలే ఉన్నాయి. మొండిపట్టు వద్దు.

ప్రదీప్


కడప,
3 అక్టోబర్ 2025

ప్రదీపుకు,

చీర తిప్పి పంపుతున్నాను. మడత కూడా విప్పలేదు. నేను చీరలకు మొహం వాచి లేను, తొమ్మిదేళ్ళుగా జాకెట్ల అంగడి నడుపుతున్నాను. ఈ ఊళ్ళో చీరలు నా చేతుల మీదుగానే పోతుంటాయి. మూడు నెలలు ఆలోచించి భార్యాభర్తలు కనిపెట్టింది ఇదా?

బలం గురించి రాశావు. నీ బలం నాకు బాగా తెలుసు. బండి నా పేరు మీద ఉంది, ఫోను నంబరు నాది. నువ్వు రోడ్డు మీద చేసే ఘనకార్యాలకు చలాన్లన్నీ ఫోటోలతో సహా నాకే వస్తాయి. ఏళ్ళుగా వస్తున్నాయి. ఒక్కదాని గురించైనా నీతో అన్నానా? కట్టేసి ఊరుకున్నాను. పోనీలే, నన్ను తీసుకుపోవడానికి వస్తూ తొందరపడ్డాడు అనుకునేదాన్ని.

ఈ ఏడాదివి అలాంటివి కావు. జులైలో రెండు, ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి. నాలుగూ ముద్దనూరు దగ్గరే. గంటకు నూట పద్దెనిమిది, నూట ఇరవై ఆరు. ముద్దనూరు నుంచి గండికోటకు ఎంత దూరమని నాకు తెలియదా? నీ స్నేహితుడు ఆ క్రాంతి కుమార్‌ను, మిగతా గుంపును వెంటేసుకుని కొండ మీద ఫోటోలకు పోతున్నావు. అక్కడి నుంచి మా ఇల్లు గంటంబావు. అక్క ఉందని ఒక్కసారీ తట్టలేదు. చీర తట్టనట్టే.

ఇలాంటి షికార్ల కోసం నేను సంతకం పెట్టి ఇంకో అయిదేళ్ళు పొడిగించాలా? నా పేరు మీద ఉన్న బండితో నువ్వు ఎవరినైనా గుద్దితే పోలీసులు మొదట తట్టేది నా తలుపు. మా అత్త ముందు.

శ్రీదేవి


ఆదోని,
13 అక్టోబర్ 2025

అక్కా,

చీర వెనక్కి వచ్చిన దినం శివలీల అన్నం తినలేదు. నా మీద కోపం నా మీద చూపు, ఆ మనిషి ఏం చేసింది? పుట్టింటి చీర తిప్పి పంపడమంటే ఏమిటో తెలిసే పంపావా, లేక బావ పంపమన్నాడా? నీ మాటల్లో ఈమధ్య బావ గొంతు వినబడుతోంది. కారు తోలడం రాని మనిషి, ఎయిర్‌బ్యాగుల లెక్క నీకు చెప్పి రాయిస్తున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నేను ఎక్కడికి పోతే నీకేం? గండికోటకు పోతాను, గోవాకు పోతాను. చలాన్లన్నీ లెక్క చెప్పు, డబ్బు ఒక్క దెబ్బతో పంపేస్తాను. నాకు తెలియకుండా కట్టమని నేను అడగలేదు.

ఒక్క సంగతి గుర్తు చేస్తాను. నాగజ్యోతి చంకలో ఉన్నప్పుడు మీ అత్తతో మాటామాటా వచ్చి పొద్దున ఆరుకు నాకు ఫోను చేశావు. ఏడుపు తప్ప మాట లేదు. నేను పళ్ళు కూడా తోముకోలేదు. గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, మూడు గంటల ఇరవై నిమిషాల్లో నీ గడపలో ఉన్నాను. నువ్వు సంచీ సర్దుకుని వాకిట్లో నిలబడి ఉన్నావు. నన్ను చూసి మీ అత్త లోపలికి తప్పుకుంది. ఆ పని నీ ఏడు సీట్ల బండి చేస్తుందా? అది వచ్చేలోపల మీ అత్త నిన్ను ఒప్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఉండేది.

అలాంటి బండిని తుక్కుకు వేయమంటున్నావు. నీకు నోరెలా వచ్చింది?

ఇంకా నలభై ఎనిమిది దినాలు. మూడోసారి కాగితాలు.

ప్రదీప్


కడప,
27 అక్టోబర్ 2025

ప్రదీపూ,

మీ బావ ఏదీ రాయించలేదు. ఆయనకు ఈ ఉత్తరాల సంగతే తెలియదు, అంగడి చిరునామాకు వస్తున్నాయి. నా మాటలు నావే. నాకు మాటలుంటాయని మీకెవరికీ తోచదు, అది నా కర్మ.

నువ్వు కనిపెట్టేలా లేవు కాబట్టి నేనే చెబుతాను. జూన్ పన్నెండు, గురువారం, మంత్రాలయం. పూజారి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు. పుట్టింటివాడు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని బండిని మొదటి చుట్టు తిప్పాలి. నేను కొత్త చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నువ్వు ఆలస్యంగా వచ్చి, నన్ను చూడకుండానే ఎక్కి ఒక్కడివే తోలుకుపోయావు. తిరిగొచ్చి తాళాలు నా చేతిలోకి విసిరి, మా వాళ్ళందరి ముందు ఏమన్నావు? "ఇది కారు కాదక్కా, ఏసీ పెట్టిన ఆటో" అన్నావు.

అందరూ నవ్వారు. మీ బావ కూడా నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అనే సామెత ఊరికే పుట్టలేదు. ఆ దినం నుంచి మా అత్తకు అది పేరైపోయింది. "ఆటో తీయమ్మా, గుడికి పోదాం" అంటుంది. చుట్టాలొస్తే "మా కోడలి ఆటో చూసినారా" అని చూపిస్తుంది.

తొమ్మిదేళ్ళు, ప్రదీపూ. హుక్కులు కుట్టి కుట్టి నా కుడి బొటనవేలు మొద్దుబారిపోయింది, సూది దిగినా తెలియదు. నా పేరు మీద నాయన శానా కొన్నాడు, నువ్వూ కొన్నావు. అవన్నీ మీరు వాడుకున్నారు. నేను కొని, నా పేరు మీద పెట్టుకుని, నేను తోలేది ఈ ఒక్కటే. దాన్ని నువ్వు ఒక్క మాటతో ఆటో చేశావు.

నీకు నా సంతకం కావాలి కదా. నాకూ నీ సంతకం కావాలి. ఆ మాట అనడం తప్పని రాసి, కింద సంతకం పెట్టి పంపు. అందిన దినమే నీ కాగితాల మీద నేను పెడతాను. ఆ చేత్తో ఇవ్వు, ఈ చేత్తో తీసుకో.

శ్రీదేవి


ఆదోని,
7 నవంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం తిరిగాను. ఈ జవాబు నాలుగుసార్లు రాసి చించాను. ఇది అయిదోది.

తప్పని రాయను. ఆ బండి నాకు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ దినం నేను తిట్టింది బండిని కాదు.

నువ్వు కారు కొంటున్నావని నాకు మాటవరసకైనా చెప్పావా? షోరూములో పూలదండ వేసినాక ఫోటో పంపావు. ఏ బండి మంచిది, ఏది కాదు అని ఆదోనిలో పరాయివాళ్ళు కూడా నన్ను అడుగుతారు, మా అక్క అడగలేదు. ఆ దినం నీ పక్కన కూర్చుని తిప్పి ఉంటే ఏడుస్తానేమోనని ఒక్కడినే పోయాను. తిరిగొచ్చినాక నోటికొచ్చింది అనేశాను. అది కడుపుమంట. నేను దాచుకోను.

ఎందుకు మంట అంటావా? నాకు ఆ ఎర్రబండి ఎందుకు? మండీకి పోను స్కూటరు చాలు. పదిహేనేళ్ళుగా దాన్ని తుడిచి, ఆయిలు మార్చి పెట్టుకున్నది నువ్వు "వచ్చి తీసుకుపోప్పా" అని ఫోను చేస్తే అరగంటలో బయలుదేరడానికి. ఏడాదికి ఎన్నిసార్లో లెక్క లేదు. నువ్వు ఆ బండి కొన్న దినం నుంచి ఒక్కసారి పిలవలేదు. నీకు నా అవసరం తీరిపోయింది.

ఇంకొకటి. గండికోటకు నేను పోలేదు. ఆ దారి మలుపు దాటి నేరుగా కడప దారే పట్టాను, నాలుగుసార్లూ. మొదటిసారి మీ వీధి మొదట్లో ఆపాను. నువ్వు అంగడి ముందు బండి వెనక్కి తీస్తున్నావు. మీ అత్త, మీ ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆ ఇరుకు సందులో ఒక్క గీత పడకుండా తిప్పావు. నేను దిగలేదు. తర్వాత మూడుసార్లు ఎర్రగుంట్ల దాకా వచ్చి తిరిగిపోయాను. వచ్చేటప్పుడే ఆ వేగం. పోయేటప్పుడు ఒక్క ఫోటో కూడా పడి ఉండదు, చూసుకో.

నీకు కావాల్సిన సంతకం ఇది కాదని తెలుసు. ఇంతకంటే రాదు.

ప్రదీప్‌కుమార్


కడప,
10 నవంబర్ 2025

ప్రదీపుకు,

రెండు వారాలు చూశాను. ఒక్క ముక్క రాలేదు. ఒక్క మాట రాయడానికి నీ మర్యాద అంత ఖరీదైందని తెలియక అడిగాను. పోనీలే.

నీ పొడిగింపు కాగితాలు చించేశాను. వాటి బదులు ఇవి పంపుతున్నాను. ఇవి బండిని నీ పేరుకు మార్చే కాగితాలు. మీ బావకు తెలిసిన వకీలు దగ్గర రాయించి, అన్నిచోట్లా సంతకాలు పెట్టాను. పెన్సిల్ గుర్తులతో పని పడలేదు. ఇకమీద నీ బండికి ఓనరు నువ్వే. ఎంత వేగంగా తోలుకుంటావో, ఎక్కడికి పోతావో నీ ఇష్టం, ఫోటోలు నీకే వస్తాయి. పేరు మారినాక పొడిగింపు నువ్వే చేయించుకోవచ్చు, నన్ను బతిమాలే పని లేదు.

మిగిలింది ఓటీపీ ఒక్కటే. నీ నంబరు బ్లాక్ తీసేశాను, దానికోసమే. ఫోను చెయ్యి, అంకెలు చెబుతాను. వేరే మాట వద్దు.

నాయన పెట్టిన ఆచారం ఇక్కడితో సరి. మీ ఇంటి వస్తువుల మీద నా పేరు ఇంకెక్కడైనా ఉంటే, కాటాతో సహా, అది కూడా తీయించుకో.

శ్రీదేవి


ఆదోని,
1 డిసెంబర్ 2025

అక్కా,

నిన్నటితో గడువు అయిపోయింది.

నేను ఫోను చేయలేదు, గమనించే ఉంటావు. నువ్వు పంపిన కాగితాలు ఇందులోనే ఉన్నాయి. నాలుగు ముక్కలు చేశాను, ఒకటీ పోకుండా పంపుతున్నాను. "ఒక్క ముక్క రాలేదు" అన్నావు, ఏడో తేదీ రాసిన నా ఉత్తరమే అందలేదో, అంది కూడా తప్పన్న మాట లేదని అన్నావో తెలియదు. అందినాక కూడా ఇవి పంపి ఉంటే ఇంక నేను అడిగేదేమీ లేదు. అందకముందు పంపి ఉంటే నీ ఇష్టం.

ఎర్రబండిని శనివారం మండీ గోడౌనులో పత్తి బేళ్ళ వెనక నిలబెట్టి టార్పాలిన్ కప్పాను. జయరాజ్ బ్యాటరీ వైర్లు తీసేసి, పానాలు అక్కడే పడేసి పోయాడు. వాడు దానికోసం రెండు నెలలు తిరిగాడు పాపం. శివలీల గట్టిగానే తిట్టింది. "ఇచ్చినప్పుడు తీసుకోకుండా అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ పోటీ పడి బండిని చంపినారు" అంది. తిట్టనీ.

నా పేరు మీద పరిగెత్తే బండి నాకొద్దు. నీ పేరు మీద నిలబడి తుప్పు పట్టినా ఫరవాలేదు. కాటా మీద పేరు కూడా తీయించను. కావాలంటే నువ్వే వచ్చి చెరిపేసుకో.

ఇది నిన్ను కరిగించడానికి రాయడం లేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. పుట్టింటి వస్తువుల మీద నీ పేరు తీసేసుకోవడానికి వకీలు దాకా పోయావు, నేను అన్న మాట కంటే అది చిన్నదా? అన్నిటికీ నేనొక్కడినే దోషిని కాను.

ఇకమీద నేను కడపకు రాలేను. బస్సు దిగి చేతిసంచితో మీ అత్త ముందు నిలబడడం నావల్ల కాదు.

ప్రదీప్


కడప,
6 డిసెంబర్ 2025

ప్రదీపూ,

నీ నవంబర్ ఉత్తరం నేను ఆ కాగితాలు పోస్టు చేసిన రెండో దినం అందింది. చదివి అంగడి షట్టరు సగం దించి కూర్చున్నాను.

నీకు ఫోను చేయొచ్చు, చేయలేదు. ముందు నేనే ఎందుకు చేయాలి అనుకున్నాను. నువ్వు ఓటీపీకి ఎలాగూ చేస్తావు, అప్పుడు అంకెలు చెప్పకుండా నాలుగు చీవాట్లు పెడదామని ఫోను చేతిలోనే పెట్టుకున్నాను. జాకెట్ కొలతలు తీసేటప్పుడు కూడా పక్కనే. ముప్పయ్యో తేదీ సాయంత్రం ఆఫీసులు మూసే దాకా చూశాను. ఆదివారం ఆఫీసులే ఉండవని మీ బావ గుర్తు చేశాడు.

నువ్వు తప్పని రాయలేదు. నేను మరిచిపోను. వకీలు దాకా పోవడం తప్పని నేనూ రాయను.

పద్నాలుగో తేదీ, ఆదివారం, ఆదోనికి వస్తున్నాను. ఒక్కదాన్నే, బండి నేనే తోలుకుని. మీ బావ డ్రైవరును పెడతానన్నాడు, వద్దన్నాను. "అంత దూరం ఆటోలోనే పోతాండావా" అని అత్త అడిగింది. "అవునత్తా, ఆటోలోనే" అన్నాను. ఆమె నవ్వలేదు.

పొడిగింపు కాగితాలు మళ్ళీ తెప్పించి పెట్టు. ఆలస్యానికి వాళ్ళు వేసే జరిమానా నువ్వే కట్టుకో. సంతకం పెట్టేదీ లేనిదీ బండిని చూసినాక చెబుతాను.

పొద్దున ఆరుకు బయలుదేరతాను. నేను డెబ్బై దాటను, లారీ ముందుంటే లారీ వెనకే వస్తాను, గుత్తిలో ఆగి టిఫిన్ తింటాను. మొత్తం ఆరు గంటలు పడుతుంది. నువ్వు నీ లెక్క ప్రకారం తొమ్మిదిన్నరకే వచ్చి వీధి చివర నిలబడతావని నాకు తెలుసు. నిలబడు. పన్నెండు దాకా ఎండలో నిలబడు.

శ్రీదేవి అక్క